మూడో మనిషి పట్టని ఇల్లు

తిరుపతిలో సొంత ఇల్లు కట్టుకున్నవాడు తనకు తెలియకుండానే ఒక సత్రానికి ధర్మకర్త అవుతాడు. ఈ నియామకానికి ఉత్తర్వు ఉండదు, జీతం ఉండదు, పదవీ విరమణ అసలే ఉండదు. ఎమ్మార్‌పల్లిలో మేము రెండు పడకగదుల ఇల్లు కట్టుకుని పాలు పొంగించిన నాటి నుంచి నేటి వరకు, శ్రీవారి దర్శనానికి వచ్చే బంధువులు, బంధువుల వియ్యంకులు, ఆ వియ్యంకుల పక్కింటివారు "మీ ఇల్లుండగా రూము ఎందుకు?" అన్న ఒకే వాక్యాన్ని పలు యాసల్లో పలుకుతూ మా గడప దాటుతూనే ఉన్నారు. కొండ దిగి వచ్చేటప్పుడు వారు తెచ్చి ఇచ్చే లడ్డు లెక్కన చూస్తే మాకు ముట్టిన అద్దె తక్కువేమీ కాదు. షుగరు వచ్చిన తరువాత ఆ అద్దెను అనుభవించే యోగ్యత మాత్రం నాకు లేకుండా పోయింది.

అందుచేత, ఉద్యోగ విరమణ సొమ్ము చేతికి వచ్చిన ఈ తరుణంలో, ఇద్దరే పట్టే చిన్న మోటార్‌హోమ్ ఒకటి చేయించుకోవాలని మేమిద్దరం నిశ్చయించుకున్నాము. చక్రాల మీద ఇల్లు అనగానే లోకులు దేశాటన అనుకుంటారు. మా ఉద్దేశం అంత ఉదాత్తమైనది కాదు. తలకోన దాకా వెళ్లి రెండు రాత్రులు ఎవరికీ పక్కలు వేయకుండా పడుకోగలిగితే మాకు అదే కాశీయాత్ర. ఇందుకోసం నాలుగు నెలలుగా యూరపు, అమెరికా దేశాల నమూనాలను పరిశీలించిన మీదట నేను గ్రహించినదేమంటే, అక్కడివారు ఈ విషయంలో మొదటి ప్రశ్నే తప్పుగా వేసుకుంటున్నారు. బండిని చూడగానే వారు "ఇందులో ఎంతమంది పడుకోవచ్చు?" అని అడుగుతారు. తిరుపతివాడు అడగవలసింది "ఇందులో ఎంతమంది పడుకోలేరు?" అని. గది అమరికలను ఈ ఒక్క గీటురాయి మీద రుద్ది చూస్తే, పాశ్చాత్యులు గొప్పగా చెప్పుకునే సౌకర్యాలన్నీ ఒక్కొక్కటిగా దోషాలుగా బయటపడతాయి.

యూరపులో ఇటువంటి బండ్లు ఎక్కువగా ఫియట్ డుకాటో వ్యాను మీద కడతారు. దాని పొడవు 5.41, 5.99, 6.36 మీటర్లుగా మూడు రకాలు వాడుకలో ఉంది. వెడల్పు మాత్రం అన్నింటికీ 2.05 మీటర్లే. వీటిలో 5.99 మీటర్ల బండికి వెనుక తలుపుల దగ్గర అడ్డంగా మంచం బిగించడం ఆనవాయితీ. గోడల మందం పోగా లోపల 1.9 మీటర్ల లోపే మిగులుతుంది కనుక ఆరడుగుల మనిషి కొద్దిగా ముడుచుకోవాలి. నేను అయిదడుగుల ఆరంగుళాల వాణ్ణి, చక్కగా పడతాను. చిక్కు నిడివితో లేదు. తలుపు వైపు పడుకున్నవారు రాత్రి లేవవలసి వస్తే నడవా వైపు పడుకున్నవారిని దాటి దిగాలి. అరవయ్యేళ్ల మగవాడు రాత్రికి ఎన్నిసార్లు లేస్తాడో ఆ బండిని గీసిన ఇంజనీరుకు వాళ్ల నాన్న చెప్పలేదు కాబోలు. పైగా నిద్రపోతున్న మనిషిని దాటితే ఎదుగుదల ఆగిపోతుందని, దాటినవారు మళ్లీ వెనక్కి దాటితే తప్ప ఆ దోషం పోదని మా అమ్మ మమ్మల్ని పెంచింది. ఈ ధర్మసందేహాన్ని మా శ్రీమతి ముందుంచితే, తన ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయిందని, ఆగడానికి కారణం కూడా తనకు తెలుసునని సెలవిచ్చింది. నేను మరికొంత ఆలోచించి, పని ముగించుకుని వచ్చి పడుకునేటప్పుడు ఎలాగూ మళ్లీ దాటవలసిందే గనుక దోషమూ పరిహారమూ రెండూ ఆ అమరికలోనే ఇమిడి ఉన్నాయని తేల్చాను. ఇది తెలిసే చేశారా, తెలియక చేశారా అన్నది నిర్ణయించడం నా శక్తికి మించిన పని.

దాటే బాధ లేకుండా ఉండాలనుకునేవారికి 6.36 మీటర్ల బండిలో రెండు ఒంటి మంచాలను చెరొక గోడకు నిలువుగా అమర్చి, నడుమ నడవ వదులుతారు. చూడగానే నాకిది నచ్చింది. ముప్పై నాలుగేళ్ల కాపురం తరువాత భార్యాభర్తల మధ్య ఒక సన్నని దారి ఉండడం దూరం కిందకు రాదు, గౌరవం కిందకే వస్తుంది. అయితే వివరం చదువుతూ పోగా అసలు కుట్ర బయటపడింది: ఆ నడుమ ఖాళీలో ఒక పలక, దాని మీద చిన్న పరుపు ముక్క వేస్తే రెండు మంచాలూ కలిసి గోడ నుంచి గోడ దాకా ఒకే పడక అవుతుందట. జర్మనీ దంపతులకు అది విలాసం కావచ్చు. నెల్లూరు నుంచి వచ్చే మా శ్రీమతి చిన్నమామ కుటుంబానికి అది అడ్డంగా అయిదుగురు పడుకునే స్థలం. మన జాతికి చదునైన చోటు కనబడితే చాలు, అది ఎవరి పేరున రిజిస్టరయి ఉందో అడిగే అలవాటు లేదు.

ఫ్రెంచ్ మంచం అని మరొకటి ఉంది. దాన్ని వెనుక మూలలో ఒక గోడకు ఆనించి నిలువుగా వేసి, పక్కన స్నానాల గదికి చోటు కోసం కాళ్ల వైపు ఒక మూల కోసేస్తారు. అక్కడ పడుకునేవారి ఒక పాదం గాలిలో ఉండాలన్నమాట. ఇది మూడో మనిషిని బాగా నిరుత్సాహపరుస్తుంది కనుక నేను మొగ్గు చూపాను. ఈలోగా మా వీధి వాస్తు పండితులవారు నమూనా కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, బండి ముఖం ఉత్తరానికి పెట్టి నిలిపితే ఎడమ వెనుక మూల నైరుతి అవుతుందని, తల దక్షిణానికి వస్తుందని, పడకకు ఇంతకంటే శ్రేష్ఠమైన స్థానం లేదని మెచ్చుకున్నారు. ఆ పక్కనే, అగ్ని ఉండవలసిన ఆగ్నేయంలో, స్నానాల గది నీళ్లు కనబడేసరికి వారి ముఖం వాడిపోయింది. అదే బండిని దక్షిణ ముఖంగా తిప్పితే మా మంచం ఈశాన్యంలోకి, తలలు ఉత్తరానికి వస్తాయి. 1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఒక్కసారి కొండ దిగేలోగా మా ఇల్లు ఎన్నిసార్లు సంపన్నమై ఎన్నిసార్లు దివాలా తీస్తుందో లెక్క వేయమంటే, పండితులవారు దక్షిణ తీసుకుని, కదిలే ఇంటికి వాస్తు వర్తించదని చెప్పి వెళ్లిపోయారు. ఆ మాట దక్షిణకు ముందే చెప్పి ఉండవలసింది.

మధ్యలో మంచం వేసి రెండు పక్కలా దారి వదిలే అమరికకు సాధారణంగా ఏడు మీటర్ల బండి కావాలి. మా వీధిలోకి పాలవ్యాను తిరగడమే గండం కాబట్టి దానిని పరిశీలించలేదు. ఇంగ్లండులో ఆదరణ ఉన్న వెనుక లాంజ్ సంగతి వేరు. పగలు బండి వెనుక భాగమంతా మూడు వైపులా సోఫాలుగా ఉంటుంది. రాత్రి దిండ్లు పేర్చి, పలకలు లాగి, దానినే పడకగా మార్చుకుంటారు. పగటి గది రాత్రి పడకగదిగా మారడమన్న ఈ అద్భుతాన్ని వివరించడానికి అక్కడి కంపెనీలు రంగురంగుల పుస్తకాలు అచ్చు వేస్తాయి. మన దగ్గర దాని పేరు చాప. పొద్దున చుట్టి మూలన నిలబెడితే హాలు, రాత్రి పరిస్తే పడకగది. పలక లేదు, కీలు లేదు, వారంటీ లేదు. చాప ఉన్న ఇంట్లో మనుషుల సంఖ్యకు పరిమితి ఎన్నడూ ఉండలేదని గుర్తుంచుకుంటే, వెనుక లాంజ్ ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. ఇక కప్పు నుంచి మీట నొక్కగానే కిందికి దిగే మంచం ఉన్నదంటే, కింద సోఫాలో ఒక జట్టు, పైన ఇంకొక జట్టు. దానికీ రైలు పెట్టెకూ తేడా టీసీ లేకపోవడమే.

ముందు సీట్లు వెనక్కి తిరగడం కూడా నేను మొదట సుగుణమనే అనుకున్నాను. బండి ఆపాక డ్రైవరు సీటును, పక్క సీటును గుండ్రంగా తిప్పితే అవి వెనుకనున్న చిన్న బల్లకు ఎదురుగా వచ్చి నలుగురు కూర్చునే గది తయారవుతుంది. నలుగురు! మేము ఇద్దరమే అయినప్పుడు మిగిలిన రెండు కుర్చీలు ఎవరి కోసం ఎదురుచూస్తున్నట్టు? ఖాళీ కుర్చీ అన్నది ఆహ్వాన పత్రిక. తిరగని సీట్లే కావాలని మా తీర్మానంలో రాసుకున్నాము.

స్నానాల గది విషయంలో పాశ్చాత్యులు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. మరుగుదొడ్డి, షవరు ఒకే చోట ఉండి అంతా తడిసేది ఒక పద్ధతి. షవరును వేరు చేసి మిగిలినది పొడిగా ఉంచేది ఇంకొక పద్ధతి. పుట్టిన నాటి నుంచి తడి నేల మీదనే నడిచిన మనకు ఈ వివాదంలో జోక్యం చేసుకునే అవసరం లేదు. మన సమస్య బకెట్టు. చిన్న బండ్లలో ఆ గది ముప్పావు మీటరు చదరానికి అటూఇటూగా ఉంటుంది. అందులో బకెట్టు పెడితే మనిషి పట్టడు, మనిషి నిలబడితే బకెట్టు బయట ఉండాలి. మంచినీళ్ల ట్యాంకు 100 లీటర్లంటే వాళ్లకు ఇద్దరికి రెండు మూడు రోజుల కాపురం. మా ఇంటి పెద్ద బకెట్టు ఇరవై లీటర్లు. ఇద్దరికీ చెరి రెండు బకెట్లు, శుక్రవారం తలస్నానానికి ఇంకొకటి, అంతటితో ట్యాంకు అడుగు కనబడుతుంది. మరుగుదొడ్డి కింద ఉండే మోసుకెళ్లే పెట్టెలో 17 నుంచి 20 లీటర్లు పడతాయి. అది కాగితం వాడేవారి లెక్క. చెంబు వాడేవారి లెక్కలో ఆ పెట్టెను ప్రతి ఉదయం ఎవరో ఒకరు మోయాలి. ఆ ఎవరో నేనేనని మా ఇంట్లో చర్చ లేకుండానే తీర్మానం జరిగిపోయింది. అయినా ఈ ఒక్క గది మీద నాకు ఆశ ఉంది. ఇద్దరికే చాలని నీళ్లు మూడో మనిషిని రానివ్వవు.

వంటకు తలుపు పక్కన రెండు మంటల పొయ్యి, చిన్న సింకు ఇస్తారు. తాలింపు పొగ పోవడానికి కప్పులో 40 సెంటీమీటర్ల చదరపు కిటికీ ఒకటి ఉంటుంది. ఎండుమిరపకాయ మాడితే మేమిద్దరం తలకోన అడవిలో బండి దిగి నిలబడవలసిందే. అడవిలోని జంతువుల సంగతి అటవీ శాఖ చూసుకోవాలి. అసలు చిక్కు సంగటి దగ్గర వచ్చింది. సంగటి పొయ్యి మీద ఉడుకుతుంది గాని, పొయ్యి మీద తయారు కాదు. గిన్నెను నేల మీదికి దించి, పాదాలతో అదిమి పట్టి, కట్టెతో రెండు చేతులా కెలకాలి. అందుకు నడవలో ఒక మనిషి వంగి కాళ్లు ఎడంగా పెట్టుకునేంత జాగా కావాలి; యూరపు నమూనాల్లో ఏ ఒక్కటీ ఈ కొలతను లెక్కలోకి తీసుకోలేదు. మా శ్రీమతి ఆ జాగా కోరింది. జాగా అంటే ఒకరు పడుకునే చోటు కదా అని నేను హెచ్చరించాను. "సంగటి లేకుండా మీరు రెండు రోజులు ఉండండి చూద్దాం" అన్నది. మా తీర్మానంలో ఇది ఒక్కటే మినహాయింపు.

బరువు గురించి మాకు భయం లేదు. యూరపులో మామూలు లైసెన్సుకు హద్దు 3,500 కిలోలు కావడంతో అక్కడి దంపతులు చెంచాలను కూడా తూచి ఎక్కించుకుంటారు. మన తేలికపాటి వాహనాల లైసెన్సు 7,500 కిలోల వరకు చెల్లుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ బరువు లోపలి రవాణా వాహనాలకు కూడా అదే చాలునని చెప్పింది. మా రాతి గ్రైండరుకు న్యాయవ్యవస్థ ఇంత అండగా నిలబడడం అరుదు.

ఇంత కసరత్తు తరువాత, బండ్ల బాడీలు కట్టే ఒకాయన దగ్గరికి వెళ్లి మా గది పటం చూపించాము. ఆయన టెంపో ట్రావెలర్ మీద కడతానన్నారు. చక్రాల మధ్య దూరం 3350 మిల్లీమీటర్లదా, 4020దా అని అడిగి, పొట్టిదేనని చెప్పగానే జాలిపడ్డారు. పటం మీద పెన్సిలుతో ఇక్కడొక మడత బెర్తు, అక్కడొక లాగుడు బెర్తు గీసి, "ఇద్దరికంటే మరీ అన్యాయం సార్, రేపు మనవాళ్లొస్తే? అదే రేటుకు ఆరుగురికి చేసిస్తాను" అన్నారు. అదనపు బెర్తులు లేకుండా కట్టడానికి ఎంత అదనంగా తీసుకుంటారని అడిగితే, తన సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న అన్నట్టు నన్ను చూసి, సర్ది చెప్పమని మా శ్రీమతి వైపు తిరిగారు. ఆమె అప్పటికే రబ్బరుతో ఆ బెర్తులు చెరిపేస్తోంది.

కట్టించేలోగా అనుభవం కోసం మేడ మీద ముగ్గుపిండితో 5.99 మీటర్ల పొడవు, 2.05 మీటర్ల వెడల్పు బండిని గీసుకున్నాము. అడ్డ మంచం, ముప్పావు మీటరు స్నానాల గది, సంగటి జాగా అన్నీ కొలతల ప్రకారం వచ్చాయి. గీత దాటకుండా మూడు రాత్రులు అందులోనే పడుకున్నాము. రాత్రిళ్లు నేను ఆమెను దాటడం, తిరిగి దాటడం, చుక్కల కింద అంతా సజావుగా సాగింది. ఇన్నేళ్లలో మేడ మీద మాకు చోటు దొరకడం అదే మొదటిసారి అని మూడో రాత్రి ఆమె అన్నది.

నాలుగో రాత్రి పదకొండు గంటలకు నెల్లూరు చిన్నమామ ఆరుగురితో దిగారు. రూ. 300 దర్శనం మరునాటి ఉదయానికట. కింద గదుల్లో ఉక్కగా ఉందని పిల్లలు మేడెక్కారు, వెనుకనే పెద్దలూ ఎక్కారు. మేము దిండ్లు తీసుకుని వచ్చేసరికి అడ్డ మంచంలో నలుగురు, నడవలో ఒకరు, సంగటి జాగాలో చిన్నమామగారు స్వయంగా కాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నారు. ఏడో మనిషి, వాళ్ల చిన్నవాడు, స్నానాల గది చదరంలో గోడ ఉన్నట్టుగానే ఆనుకుని కూర్చుని నిద్రపోతున్నాడు. ముగ్గు గీత ఎక్కడా చెరగలేదు. మేమిద్దరం గీతకు బయట చాప పరుచుకున్నాము. "చక్కగా కుదిరిందమ్మాయీ, బండి ఎప్పటికొస్తుంది?" అన్నారు చిన్నమామగారు కళ్లు తెరవకుండానే.

తెల్లవారి వారు కొండకు బయలుదేరగానే మా శ్రీమతి బిందెడు నీళ్లు తెచ్చి ముగ్గు కడిగేసింది. నేల ఆరాక, టేపు ఒక కొస తాను తొక్కిపట్టి, రెండో కొస నాకిచ్చి నడవమన్నది. 5.41 మీటర్ల దగ్గర నేను ఆగి, చిన్న రకం ఇదేనని చెప్పాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, ఇంకా ఇటు రమ్మన్నది.