"మంచి గేమ్ దానంతటదే అమ్ముడుపోతుంది" అన్న మాట నమ్మి ఉద్యోగం మానేయకండి

హైదరాబాద్‌లో గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక మెసేజ్ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "ఉద్యోగం మానెయ్. మూడేళ్లు తలుపేసుకుని ఒక్క మంచి గేమ్ చెయ్. గేమ్ బాగుంటే మార్కెటింగ్ అక్కర్లేదు, దానంతటదే అమ్ముడుపోతుంది. స్టార్‌డ్యూ వ్యాలీ అలాగే వచ్చింది. పబ్లిషర్లు దోచుకుంటారు, దగ్గరికి రానివ్వకు. మనవాళ్లు ఎలాగూ కొనరు, మొబైల్‌లో ఫ్రీగా ఇచ్చి యాడ్స్ పెట్టుకో. టాక్సులు, అగ్రిమెంట్లు డబ్బొచ్చాక చూసుకోవచ్చు."

చదివితే ఊపు వస్తుంది. కానీ ఇందులో దాదాపు ప్రతి వాక్యమూ తప్పుదారి పట్టించేదే. ఇరవై రెండేళ్ల కుర్రాడు దీన్ని నమ్మి రిజైన్ లెటర్ పెడితే నష్టపోయేది ఫార్వర్డ్ చేసినవాళ్లు కాదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

ముందు స్టార్‌డ్యూ వ్యాలీ సంగతి. పొలం పనుల చుట్టూ తిరిగే ఈ కంప్యూటర్ గేమ్‌ని అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడన్నది నిజం. నాలుగేళ్లకు పైగా పట్టిందన్నదీ నిజమే. "తలుపేసుకుని" అన్నదే అబద్ధం. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో, ఏ గేమ్ అమ్మకానికి రావాలో జనం ఓటేసే గ్రీన్‌లైట్ అనే విభాగం ఉండేది. 2012లోనే ఆయన ఆ గేమ్‌ని అక్కడ జనం ముందు పెట్టాడు. ఏం చేస్తున్నాడో ఎప్పటికప్పుడు బ్లాగులో రాస్తూ వచ్చాడు. వ్యవసాయం చుట్టూ తిరిగే ఆటలంటే ఇష్టమున్నవాళ్లు అలా అక్కడ పోగయ్యారు. చకల్‌ఫిష్ అనే పబ్లిషర్, అంటే గేమ్‌ని విడుదల చేసి అమ్మిపెట్టే కంపెనీ, సాయం తీసుకున్నాడు. సియాటిల్‌లో ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని కూడా చేశాడు. 2016 ఫిబ్రవరిలో గేమ్ బయటికొచ్చేసరికి దానికోసం కాచుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. 2024 చివరికి 4 కోట్ల కాపీలు దాటిన ఆ అంకె చూపించి, వెనకున్న ఇన్నేళ్ల పరిచయాన్ని దాచేస్తే ఎలా?

ఇక "మార్కెటింగ్ అక్కర్లేదు" అన్న మాట. మొత్తం మెసేజ్‌లో ఎక్కువ చేటు చేసేది ఇదే. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి. అంటే రోజుకు 50 దాకా. మీ గేమ్ ఎంత బాగున్నా, అది ఉందని తెలియనివాడు ఎలా కొంటాడు?

మార్కెటింగ్ అనగానే మనవాళ్లకు యాడ్‌లకు పోసే డబ్బు గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. స్టీమ్ పనిచేసే తీరే ముందునుంచి సిద్ధమైనవాడికి అనుకూలంగా ఉంటుంది. ఒక్కో గేమ్‌కి స్టీమ్‌కి 100 డాలర్లు కట్టాలి. ఆ గేమ్ అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది వెనక్కొస్తుంది. కట్టాక 30 రోజులు ఆగితేగానీ విడుదల చేయనివ్వరు. 'కమింగ్ సూన్' పేజీ, అంటే గేమ్ త్వరలో వస్తోందని చూపించే పేజీ, విడుదలకు కనీసం రెండు వారాలు ముందు ఉండాలి. ఇవి కనీస నియమాలు మాత్రమే. ఆ పేజీని ఏడాది ముందే తెరవండి. అది చూసి నచ్చినవాళ్లు విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో, పెట్టుకుంటారు. విడుదల రోజున, ఆ తర్వాత 20 శాతం, అంతకు మించి డిస్కౌంట్ ఇచ్చినప్పుడు స్టీమే వాళ్లకు ఈమెయిల్ పంపుతుంది. పైసా ఖర్చు లేదు. రాబోయే గేమ్‌ల డెమోలు జనం ఆడి చూసేందుకు స్టీమ్ ఏడాదికి మూడుసార్లు జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో మీ డెమో పెట్టుకోవచ్చు. కాకపోతే ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం. సగం ఉడికిన డెమోతో దాన్ని పోగొట్టుకోకండి.

కేపీహెచ్‌బీలో ఇద్దరు కుర్రాళ్లు తమ గేమ్ పేజీ చూపించారు. ఆట నిజంగా బాగుంది, కత్తి తగిలినప్పుడు వచ్చే చప్పుడు దగ్గర్నుంచి శ్రద్ధ కనిపిస్తుంది. ట్రైలర్ తెరిస్తే మొదట వాళ్ల స్టూడియో లోగో తిరుగుతూ వచ్చింది, తర్వాత నల్లటి తెరమీద ఇంగ్లిష్‌లో నాలుగు లైన్ల కథ. అసలు ఆట కనిపించేసరికి చూసేవాడు ఇంకో గేమ్‌కి వెళ్లిపోయి ఉంటాడు. ఐదు స్క్రీన్‌షాట్లలో రెండు మెనూలే. "గేమ్ అయిపోయాక ఇవన్నీ సరిచేస్తాం అన్నా" అన్నారు. అక్కడే కూర్చుని లోగో తీసేసి, మొదటి సెకన్‌లోనే కత్తి తిరిగేలా ట్రైలర్ కోయించాను. ఒక్క సాయంత్రం పని.

మనుషుల్ని కలవడమూ ఇందులో భాగమే. దేశంలోని గేమ్ డెవలపర్లంతా చేరే సదస్సు ఐజీడీసీ (ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్) 2024 వరకు వరుసగా కొన్నేళ్లు మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2025లో చెన్నైకి వెళ్లింది. ఈసారి ఎక్కడ జరుగుతుందో చూసుకోండి. వెళ్లండి.

ఇప్పుడు "ఉద్యోగం మానెయ్" సంగతి. దీనికి ధైర్యం కంటే ముందు లెక్క కావాలి. మీ గేమ్ ధర ఇక్కడ 499 రూపాయలనుకుందాం. విడుదల వారంలో 20 శాతం తగ్గిస్తే 399. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది, తీసేస్తే 338. స్టీమ్ వాటా 30 శాతం పోతే మీకు మిగిలేది 237 రూపాయలు. మియాపూర్‌లో రూమ్ పంచుకుని ఇద్దరు తలా 35 వేలతో నెల గడుపుతూ ఏడాదిన్నర పనిచేస్తే 12 లక్షల 60 వేలు. మ్యూజిక్‌కి, బొమ్మలకి ఇంకో 2 లక్షల 40 వేలు. మొత్తం 15 లక్షలు. ఇక్కడే అమ్మితే, పెట్టింది రావడానికే 6,300 కాపీలు పైన పోవాలి. లాభం మాట తర్వాత. కొన్న 14 రోజుల్లో, రెండు గంటల లోపు ఆడినవాళ్లు డబ్బు వెనక్కి అడగొచ్చు కాబట్టి అవీ తీసేసుకోవాలి.

ఈ లెక్క చూసి భయపడమనడం లేదు. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు చిన్న గేమ్ ఒకటి పూర్తిచేసి అమ్మి చూడండి. విడుదల చేయడం ఎలాగో దానితో తెలుస్తుంది. అయితే ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. పనిచేసే కాలంలో మీరు తయారుచేసిన ప్రతిదీ కంపెనీదేనని రాసి ఉంటే, హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

"మనవాళ్లు కొనరు" అన్నదాంట్లో కొంత నిజముంది. కానీ దానికి మందు ఫ్రీగా ఇవ్వడం కాదు, బయట అమ్మడం. అమెరికాలో 9.99 డాలర్లకు అమ్ముడైన కాపీ మీద స్టీమ్ వాటా, అక్కడ పట్టుకునే పన్ను పోగా మీకు 500 రూపాయలు పైనే వస్తుంది. అదే 15 లక్షలకు 3,000 కాపీలు చాలు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే గేమ్‌ని స్టీమ్‌లోనే పెట్టింది. ఇక ఫ్రీ మొబైల్ గేమ్ మీద యాడ్స్‌తో బతకాలంటే లక్షలమంది రోజూ ఆడాలి. అంతమందిని తెచ్చుకోవడానికి యాడ్‌లకు డబ్బు పోయగల పెద్ద కంపెనీలతో మీరు పోటీపడాలి. ఇద్దరు మనుషులకు అది కుదిరే పని కాదు.

పబ్లిషర్ల మీద అంత కోపం దేనికి? పుణెలో తయారైన 'రాజీ' అనే గేమ్‌కి 2017లో, జనం నుంచి ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో, అడిగినంత డబ్బు రాలేదు. తర్వాత పబ్లిషర్ తోడుతో 2020లో విడుదలైంది. మంచి పబ్లిషరూ ఉంటాడు, ముంచేవాడూ ఉంటాడు. తేడా అగ్రిమెంట్‌లో తెలుస్తుంది. వాళ్లు పెట్టిన డబ్బు వాళ్లకు పూర్తిగా తిరిగొచ్చాకే మీ వాటా మొదలవుతుందా, మొదటి రూపాయి నుంచే మీకు వాటా ఉందా? గేమ్ హక్కులు ఎవరివి? వాళ్లు పని చేయకపోతే హక్కులు మీకు తిరిగొస్తాయా? ఈ మూడింటికి జవాబు దొరక్కపోతే సంతకం పెట్టకండి.

చివరిది: "టాక్సులు, అగ్రిమెంట్లు డబ్బొచ్చాక." స్టీమ్‌లో అకౌంట్ తెరిచేటప్పుడే పన్ను వివరాలు అడుగుతారు. అక్కడ పాన్ ఇచ్చి ఇండియా, అమెరికా మధ్య ఉన్న పన్ను ఒప్పందాన్ని వాడుకుంటే అమెరికా అమ్మకాల మీద 15 శాతం పడుతుంది, లేకపోతే 30. ఆ కట్టినదానికి ఇక్కడి రిటర్న్‌లో క్రెడిట్ అడగొచ్చు. ఒక్క గంట సీఏ దగ్గర కూర్చుంటే తేలిపోయే విషయం.

బొమ్మలు, సంగీతం సంగతి ఇంకా ముఖ్యం. ఫ్రీలాన్సర్‌కి డబ్బిచ్చాం కాబట్టి అవి మనవే అనుకుంటారు. కాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు. ఏయే దేశాల్లో చెల్లుతుందో రాయకపోతే ఇండియాకే పరిమితం. అంటే "బొమ్మల హక్కులు నీకే" అని ఒక్క లైన్ రాయించుకున్నా, ప్రపంచమంతా అమ్మే గేమ్‌కి అది సరిపోదు. "కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా" అన్న మాటలు అందులో ఉండి తీరాలి.

స్నేహితుల మధ్యా అంతే. ఇద్దరు కలిసి మొదలుపెడతారు, ఏడాది తిరిగేసరికి ఒకరికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వస్తుంది. అప్పుడు గేమ్ ఎవరిది? కోడ్ ఎవరి అకౌంట్‌లో ఉంది, స్టీమ్ ఎవరి పాన్ మీద ఉంది, మధ్యలో వెళ్లేవారికి ఎంత వాటా, గేమ్ పేరు ఎవరు వాడుకోవచ్చు? ఈ నాలుగూ మొదటి నెలలోనే, ఇంకా ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నప్పుడే, కాగితం మీద రాసి సంతకాలు చేసుకోండి.