దిగకుండా లేచిన విమానం తప్పేమీ చేయలేదు

శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగబోతున్న విమానం రన్‌వే దాకా వచ్చి మళ్ళీ పైకి లేచిందంటే చాలు, ఆ సాయంత్రానికల్లా ‘త్రుటిలో తప్పిన పెను ప్రమాదం’ అంటూ వార్త వచ్చేస్తుంది, లోపల కూర్చున్న ఎవరో తీసిన వీడియో ఫోన్లన్నీ చుట్టి వస్తుంది. జీవితంలో అధిక భాగం కాక్‌పిట్‌లో గడిపి, 65 ఏళ్ళ వయోపరిమితి వల్ల నేల మీదికి వచ్చినవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: అక్కడ త్రుటిలో తప్పిందేమీ లేదు. ప్రమాదం దరిదాపులకు రాకముందే ఆ ఇద్దరు పైలట్లు తమ పని తాము చేశారు.

మేఘాల్లోంచి దిగుతున్న విమానం నేలకు వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, కిందికి దిగే తీరు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు), చక్రాలు అన్నీ కుదిరి, రన్‌వేకు సూటిగా ఉండాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే ఐదు వందల అడుగుల దాకా వెసులుబాటు ఉంటుంది. ఏ ఒక్కటి కుదరకపోయినా ప్రయత్నం మానుకోవలసిందే తప్ప ‘కిందికి వెళ్ళేలోపు సర్దుకుంటుందిలే’ అనుకోవడానికి వీల్లేదు. దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవడమే ‘గో అరౌండ్’. ఆ మాట ఇద్దరిలో ఎవరి నోట వచ్చినా ఇంజన్ల లివర్లు ముందుకు వెళతాయి, ముక్కు పైకి లేస్తుంది, ఫ్లాప్స్ ఒక మెట్టు తగ్గుతాయి, విమానం ఎక్కుతోందని రూఢి చేసుకున్నాక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ఆ వెంటనే ఎత్తు, దిశ, కంట్రోలర్‌తో మాట, మిగిలిన ఇంధనం చూసుకోవాలి. ప్రయాణికులకు అనౌన్స్‌మెంట్ వీటన్నిటి తర్వాతే. మా మౌనం భయపెడుతుందని తెలుసు కానీ, ఆ రెండు మూడు నిమిషాల్లో మైకు పట్టుకుని మాట్లాడే పైలట్‌ను నేనైతే నమ్మను.

గన్నవరంలో చలికాలపు ఉదయాలు ఇంకో రకం పరీక్ష. పొలాల మీద పరుచుకున్న పొగమంచు పలచగా ఉంటే నిలువునా కిందికి చూసినప్పుడు రన్‌వే, రోడ్లు, చెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. దిగడానికి ఎదురుగా వచ్చేసరికి చూపు అదే మంచులోంచి ఏటవాలుగా చాలా దూరం సాగాలి కనుక ముందున్నదంతా తెల్లటి గోడ అయిపోతుంది. అలాంటి ఒక ఉదయం హైదరాబాద్‌కు మళ్ళించిన విమానం తలుపు దగ్గర ఒక పెద్దాయన మా కో-పైలట్ అమ్మాయిని ‘ఏమ్మా, నాకు గేదెలు కూడా కనపడ్డాయి, నీకు అంత రన్‌వే కనపడలేదా?’ అని నిలదీశారు. ‘పైనుంచి నాకూ కనపడింది బాబాయ్ గారూ, ఎదురుగా వచ్చేసరికి కనపడలేదు’ అంది. ఆయన ఒప్పుకోలేదు. తలుపు దగ్గర ఒప్పుకున్నవారు అరుదు లెండి.

దిగితీరాలన్న పట్టుదల ఎక్కడికి తీసుకెళ్తుందో మన దేశంలోనే రెండుసార్లు చూశాం. 2010 మే 22న మంగళూరులో, ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్, విమానం ఉండవలసినదానికన్నా ఎంతో ఎత్తులో ఉన్నా, కో-పైలట్ ‘గో అరౌండ్’ అని పదేపదే చెప్పినా వినకుండా దించాడు. 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7న కోళిక్కోడ్‌లో, జోరువానలో, వెనక నుంచి వీస్తున్న గాలిలో, ఒకసారి ప్రయత్నం మానుకున్న విమానమే రెండోసారి రన్‌వే సగం దాటాక నేలను తాకి కొండ అంచు దాటిపోయింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. అక్కడా పక్కవాడు ‘గో అరౌండ్’ అన్నాడు. కెప్టెన్ ఆ మాటను లెక్కచేయకపోవడంతోపాటు, పక్కవాడు కంట్రోల్స్ తీసుకోకపోవడాన్ని కూడా దర్యాప్తు నివేదిక కారణంగా చూపింది. మర్నాడు ఆ కెప్టెన్ మరో విమానం నడపవలసి ఉందన్న సంగతీ అందులో ఉంది.

కుదరని అప్రోచ్‌లలో, అంటే దిగడానికి రన్‌వే వైపు వచ్చే ప్రయత్నాల్లో, నూటికి మూడింట్లో మాత్రమే పైలట్లు గో అరౌండ్ చేస్తున్నారని విమాన భద్రత మీద పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. ఇందులో మా అహంకారం ఎంత ఉందో, మమ్మల్ని నడిపించే వ్యవస్థ తప్పూ అంతే ఉంది. గో అరౌండ్ చేసినవారిని శిక్షించబోమని కాగితం మీద రాసుకున్న సంస్థలోనే, ఖర్చైన ఇంధనం గురించి మర్నాడు ఫోన్ చేసి ‘ఊరికే అడుగుతున్నాను’ అనే పెద్దమనిషి ఉంటాడు. ప్రయాణికులు కూడా మెత్తగా దిగితే చప్పట్లు కొడతారు, గట్టిగా తగిలితే పైలట్‌కు పని రాదంటారు. తడి రన్‌వే మీద చక్రాలు నీటి పొరను చీల్చుకుని నేలను పట్టుకోవాలంటే కాస్త గట్టిగానే దించాలి. ఆ మెత్తదనం కోసం తేలుతూ పోతే కరిగిపోయేది ఆగడానికి మిగిలిన రన్‌వే.

శిక్షణ ఇచ్చిన రోజుల్లో సిమ్యులేటర్‌లో నేను కావాలనే పాడైన అప్రోచ్‌ను కొనసాగిస్తూ పక్కవారు ఏం చేస్తారో చూసేవాణ్ణి. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మన పిల్లలు చాలామంది ముందు ‘సర్, స్పీడ్’ అని సన్నగా గొణిగేవారు, తర్వాత నా మొహం వైపు చూసేవారు. సూచనలా కాదు, ఆజ్ఞలా చెప్పమనేవాణ్ణి. అప్పటికీ వినకపోతే లివర్లు తామే ముందుకు తోసి కంట్రోల్స్ తీసుకోవాలని, ఆ హక్కు పుస్తకంలోనే ఉందని చూపించేవాణ్ణి. ధైర్యం చేసి అలా తోసినవారిలో కొందరు బయటికి వచ్చాక నాకు క్షమాపణ చెప్పేవారు. అదొక్కటే నాకు నచ్చేది కాదు.