తంబాకు డబ్బీ మూత కింద కరపత్రం

దేవరకొండ వైపు ఒక పల్లెలో, తాతల నాటి సందుగ అడుగున దొరికిన అల్యూమినియం తంబాకు డబ్బీని ఈ మధ్య ఆ ఇంటివాళ్లు నా చేతిలో పెట్టారు. మూత మీద మేకు మొనతో చుక్క చుక్కగా కొట్టి దించిన నెమలి ఉంది; తోక దగ్గర చెయ్యి జారిన గీత ఒకటి ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఇంటి పెద్దాయన నిజాం ఫౌజులో చేరి, మలయాలో జపాను వాళ్లకు పట్టుబడి, ఖైదులో ఉండగా దీన్ని చేసుకున్నాడని చెప్పుకుంటారు. మొన్నటి వానల చెమ్మకు మూత లోపలి అస్తరు ఊడింది. అది ఉర్దూలో అచ్చయిన కరపత్రం. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదువుకున్న పక్కింటి పెద్దమనిషి కూడబలుక్కుని చదివితే, ఇంగ్లీషు వాళ్ల కోసం ప్రాణాలెందుకు పోగొట్టుకుంటారని హిందూస్థానీ సిపాయిలను అడుగుతున్న కాగితమని తేలింది.

తాత ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నాడనడానికి ఇదే రుజువని మనుమలు సంబరపడుతున్నారు. వాళ్ల సంబరం నాకు అర్థమవుతుంది, కానీ ఈ కాగితం అంత మాట చెప్పడం లేదు.

1941 డిసెంబరులో మలయా ఈశాన్య తీరాన కోటా భారు విమానాశ్రయానికి కాపలా కాసింది మన హైదరాబాదు సంస్థాన పదాతి దళమే. డిసెంబరు 8న జపాను సేన ఆ తీరంలోనే దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కులో వేలాది భారతీయ ఖైదీల ఎదుట జపాను మేజర్ ఫుజివారా, ఆయనతో చేతులు కలిపిన కెప్టెన్ మోహన్ సింగ్ ప్రసంగించారు. భారతీయ సైనికులను బ్రిటిషు కొలువు నుంచి విడదీయడమే ఫుజివారా బృందానికి అప్పగించిన పని. అలా మోహన్ సింగ్ నాయకత్వంలో మొదలైన ఆజాద్ హింద్ ఫౌజులో కొందరు నమ్మి చేరారు, కొందరు ఖైదు తప్పించుకోవడానికి చేరారు, చేరని వాళ్లలో ఎంతోమందిని న్యూగినీ వంటి చోట్లకు కూలి పనికి తరలించారు. బ్రిటిషు వాళ్లూ ఊరుకోలేదు. ఆజాద్ హింద్ సైనికులకు, జపాను తొత్తులనే అర్థంలో, ‘జిఫ్‌లు’ అని పేరు పెట్టి, తమ పటాలాల్లో ‘జోష్’ పేరుతో ఎదురు ప్రచారం నడిపారు. యుద్ధం ముగిశాక, తిరిగి వచ్చిన ఖైదీలను విచారించి, ఆజాద్ హింద్ ఫౌజుతో ఎంతవరకు కలిశారన్నదాన్ని బట్టి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగుల కింద విడగొట్టారు.

ఆ విచారణ గది గుండా దాటవలసిన మనిషి సామానులో ఇలాంటి కాగితం ఉండటం చిన్న సంగతి కాదు. అచ్చు వైపు రేకుకు ఆనించి, ఖాళీ వైపు పైకి వచ్చేలా బంకతో అతికించి ఉంది. ఆయన దాన్ని దాచుకున్నాడా? కాగితానికి కరువైన ఖైదులో చేతికందిన ముక్కను, తంబాకుకు సిరా అంటకుండా, తిప్పి వేసుకున్నాడా? రెండూ జరగదగినవే. ప్రచారం ముద్రించిన వాళ్ల లెక్కలు దఫ్తరాల్లో ఉంటాయి. దాన్ని అందుకున్న సిపాయి ఏం చేశాడన్నది ఇలాంటి డబ్బీల్లో తప్ప దాదాపు ఎక్కడా మిగలదు. అందుకే కాగితాన్నీ డబ్బీనీ విడదీయవద్దని నేను గట్టిగా చెబుతున్నాను. విడదీస్తే మిగిలేది ఒక కరపత్రం, ఒక పాత రేకు డబ్బీ మాత్రమే.

నల్లగొండ చరిత్ర అనగానే మనకు సాయుధ పోరాటం, 1948 సెప్టెంబరు పోలీసు చర్య గుర్తొస్తాయి. అంతకు ముందే సముద్రం దాటి వెళ్లిన ఈ ఫౌజీల వస్తువులు పాత సామాన్ల బండి మీద కిలో లెక్కన పోతున్నాయి. పోనివి కూడా ప్రేమతోనే పాడవుతున్నాయి: ఆ ఇంటివాళ్లు కరపత్రాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించాలనుకున్నారు. ఆ వేడికి పాత కాగితం పాడవుతుంది, వెనక ఉన్న బంక జాడ కూడా పోతుంది. టేపు అతికించకుండా, తడి తగలనివ్వకుండా, ఉన్నది ఉన్నట్టు రెండు వైపులా ఫోటోలు తీసి, ఎవరు ఎప్పుడు ఎలా చూశారో ఒక కాగితం మీద రాసి పెట్టమన్నాను. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారం (ఆర్కైవ్స్)లోనూ, ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాగారంలో ఉన్న ఆజాద్ హింద్ దస్త్రాల్లోనూ ఆయన పేరు కోసం వెతకవచ్చు. దానికి ఫౌజు నంబరు కావాలి. సందుగలో పింఛను కాగితాల కట్ట ఒకటి ఇంకా విప్పలేదట. వచ్చే ఆదివారం అందరం కూర్చుని విప్పబోతున్నాం.