సోలార్ ఏ దిక్కున? దిక్కుమాలిన చర్చ

ఇల్లు కడుతున్నవారిని పలకరించాలంటే ఈ మధ్య భయంగా ఉంది. బాగున్నారా అంటే బదులు చెప్పరు. "మీది ట్యూబులదా, ప్యానెల్‌దా?" అని ఎదురడుగుతారు. నీళ్లు కాచే సోలార్ గురించి. పాత తరం రాగి కాగులో నీళ్లు పోసి, కింద నాలుగు పుల్లలు ఎగదోసి, ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పకుండానే స్నానాలు కానిచ్చింది.

ఇప్పుడు లీటర్లు చెప్పుకోవాలి. నలుగురున్న ఇంటికి 200 చాలంటే చిన్నబుచ్చుకుంటారు. దంపతులిద్దరే ఉన్న ఇంటికి 300 తెప్పించిన పెద్దమనిషి ఒకరు, "పిల్లలు అమెరికా నుంచి వస్తే?" అన్నారు. నిజమే, వస్తారు. జూలైలో, మబ్బులు పట్టి సోలార్ చేతులెత్తేసినప్పుడు వస్తారు.

కొనడం తేలిక. పెట్టేదెక్కడ? దాని కోసం డాబా మీద ఒక మహాసభ జరుగుతుంది. హైదరాబాద్‌లో అలాంటి సభ ఒకదానికి హాజరయ్యే భాగ్యం నాకూ దక్కింది. యజమాని (ఆ 300 లీటర్ల పెద్దమనిషే), ఆయన బావమరిది, వాస్తు సిద్ధాంతిగారు, ప్లంబరు, సోలార్ అమ్మే కుర్రాడు. కుర్రాడు ఫోనులో దిక్సూచి చూసి, దక్షిణానికి తిప్పి పెడితే చాలన్నాడు. మన ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉందని, చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడని, వేడినీళ్లు కావలసిందీ అప్పుడేనని ఇంకా ఏదో చెప్పబోయాడు. సిద్ధాంతిగారు చెయ్యెత్తి ఆపారు.

"ఇది నీళ్ల వస్తువా, కాదా?"

"నీళ్లదేనండీ."

"నీటికి ఈశాన్యం."

యజమాని ముఖం వెలిగింది. అంతలోనే సిద్ధాంతిగారికి బరువు గుర్తొచ్చింది. 300 లీటర్లంటే మూడు క్వింటాళ్లు. ఈశాన్యం మీద మూడు క్వింటాళ్లు పెడితే వంశం నిలుస్తుందా? బరువుకు నైరుతి. కాని లోపల వేడి ఉంది కదా, వేడి అంటే అగ్ని, అగ్నికి ఆగ్నేయం. ఆగ్నేయంలో నీళ్లు నిలవ చేస్తే ఇంటావిడకు అనారోగ్యం. అప్పటిదాకా గోడకానుకుని నిలబడిన బావమరిది ముందుకొచ్చి, "పోనీ, నీళ్లు లేకుండా పెడితే?" అన్నాడు. సభ ఆ ప్రతిపాదనను కాసేపు నిజంగానే పరిశీలించింది. వేడెక్కిన నీరు పైకి పోతుంది కనుక సోలార్ ట్యాంకు ప్యానెల్ కంటే ఎత్తులో ఉండాలని, చన్నీళ్ల ట్యాంకు దానికంటే ఎత్తులో ఉండాలని ప్లంబరు గొణిగాడు. అతనికి శాస్త్రం తెలియదని అందరూ క్షమించారు.

చివరికి పంచభూతాల మధ్య రాజీ కుదిరింది. వాయవ్యం! ఏ భూతానికీ అభ్యంతరం లేని మూల. అక్కడ మెట్లగది నీడ ఉదయం పదకొండు దాటేవరకు కదలదు. సూర్యుడిని సభకు పిలవలేదు కనుక ఆయన అభిప్రాయం నమోదు కాలేదు.

నీడలో నీళ్లు కాగవు కాబట్టి ట్యాంకులో కరెంటు కాయిల్ బిగించారు. వంద లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 4 యూనిట్లు కావాలి. మూడు వందలకు 12. ఆ స్విచ్ ఒకసారి వేశాక తీసిన మనిషి లేడు. ఇంటికి సోలార్ ఉందన్న గౌరవం మాత్రం అలాగే ఉంది.

బోరు నీళ్ల ఉప్పు గొట్టాల్లో పేరుకోవడం, గాజు ట్యూబుల మీద కోతులు దూకడం వంటి చిన్న విషయాలు ఆ సభ స్థాయికి తగవు కనుక చర్చకు రాలేదు. డాబా నుంచి కింది స్నానాల గది ఎంత దూరమో కూడా ఎవరూ కొలవలేదు. ముప్పావు అంగుళం పైపు, 30 మీటర్లు. అందులో సుమారు ఎనిమిది లీటర్ల నీళ్లు పడతాయి. వేడినీళ్లు కిందికి దిగేలోపు ఆ చన్నీళ్లన్నీ ఉదయాన్నే మోరీలోకి పోతాయి. మధ్యాహ్నం అదే ఇంటికి ట్యాంకరు వస్తుంది.

ఆ ఇంటి ప్లాను చూశాను. నాలుగు స్నానాల గదులకు వేడినీళ్ల పైపు ఉంది. భోజనాల బల్ల పక్కన చేతులు కడుక్కునే బేసిన్‌కు ఉంది. ఏడాదికి పది రోజులు తెరిచే అతిథుల గదికీ ఉంది. వంటింటి వెనక గిన్నెలు తోమే చోటికి లేదు. డిసెంబరులో, ఇంకా వెలుతురు రాకముందే, నెయ్యి పేరుకున్న మూకుళ్లు చన్నీళ్లలో తోమే మనిషి వేళ్ల సందులు సబ్బుకు ఒరిసి తెల్లగా పగిలి ఉంటాయి. లోపల యజమాని షవరు కింద పాట పాడుతుంటాడు. మరి ఈవిడకో అంటే, "ఆమెకు అలవాటేలెండి" అన్నాడు. అలవాటట! ఆ మాట ఆయన చేతులు చన్నీళ్లలో ముంచుకుని ఎందుకు అనడు? ఇద్దరే వాడే 300 లీటర్లలో సగానికి పైగా పొద్దెక్కాక కూడా పైన అలాగే ఉంటాయి. ఒక్క కుళాయి పెట్టడానికి చేతులు రాలేదు. సిగ్గు ఉండాలి.

మర్యాద కోసం సిద్ధాంతిగారినీ అడిగాను. ఆ మూల వేడినీళ్లు పారితే ఏ దోషమూ లేదన్నారు. ప్లంబరును అడిగాను. వేడినీళ్లు తట్టుకునే సీపీవీసీ పైపు పది అడుగులు, ఒక టీ జాయింటు, ఒక కుళాయి, పూట పని అన్నాడు. యజమాని మాత్రం టైల్స్ తాకనివ్వలేదు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి తెప్పించారట, పగిలితే అదే రంగు మళ్లీ దొరకదట. హాల్లో టీవీ వైరు కనబడుతోందని కిందటి నెలలోనే ఆయన గోడను రెండుసార్లు పగలగొట్టించాడు.