ట్యాంకులో వెలుగు చూసి సంబరపడకండి

కావలి నుంచి కొత్తపట్నం దాకా రొయ్యల గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. "అబ్బయ్యా, జాగ్రత్తగా ఇను" అని మొదలవుతుంది. గొంతు ఎవరిదో తెలీదు కానీ, నాకే ఏడుగురు పంపారు. అందులో చెప్పేది ఇదీ: ఎస్‌పీఎఫ్ తల్లి రొయ్యల సీడ్‌కి, అంటే వాటి పిల్లలకి, హ్యాచరీలో (పిల్లల్ని పొదిగించి పెంచే చోట) జబ్బు రాదు. పీసీఆర్ (రోగం జన్యువుని వెతికే పరీక్ష) నెగెటివ్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. బ్యాక్టీరియాని పెంచి చూసే ల్యాబ్ ప్లేటు మీద పసుపు చుక్కలు మంచివి, ఆకుపచ్చవి చెడ్డవి. జోయా అనే తొలి లార్వా దశ నుంచే రోజూ కొంచెం యాంటీబయోటిక్ వేస్తే ట్యాంకు క్రాష్ కాదు, అంటే పిల్లలు ఒక్కసారిగా చావవు, రొయ్యలు పట్టే నాటికి దాని జాడ దొరకదు. రాత్రిపూట ట్యాంకులో నీలంగా మెరిస్తే నీళ్లు స్వచ్ఛంగా ఉన్నట్టు.

ఈ తీరంలో చాలా ఏళ్లు హ్యాచరీల్లో రాత్రి డ్యూటీలు చేసి, ఇప్పుడు ల్యాబ్‌లో ప్లేట్లు చూసుకుంటున్న వాణ్ణి. చెప్పినాయన గొంతులో ఉన్న ధీమా నాకైతే ఎప్పుడూ లేదు.

ముందు ఎస్‌పీఎఫ్ సంగతి. దానర్థం జబ్బు రాని రొయ్య అని కాదు, జాబితాలో రాసుకున్న ఫలానా రోగాలు లేని రొయ్య అని. 2009లో వనామీ రకం రొయ్య దిగుమతికి అనుమతిచ్చినప్పటి నుంచి విదేశాల తల్లి రొయ్యల్ని చెన్నై క్వారంటైన్‌లో పరీక్షించాకే హ్యాచరీలకు వదులుతున్నారు. అక్కడ వెతికేది తెల్లమచ్చ వైరస్ లాంటి వాటిని. మామూలు వైబ్రియో బ్యాక్టీరియాని వెతికి లాభం లేదు, అది సముద్రపు నీళ్లలో ఎప్పుడూ ఉండేదే. పైగా ఇక్కడికొచ్చాక ఆ తల్లులకి మనం పెట్టేది పచ్చి పురుగులు, స్క్విడ్. పిల్లలకి పెట్టేది ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవిని. గుడ్లు పొదిగిన ఆర్టీమియా జార్ దగ్గర పొద్దున్నే నిలబడితే ఆ నురగ, ఆ వాసనే చెబుతాయి. వెచ్చటి ఉప్పునీళ్లు, రాత్రంతా గాలి, పగిలిన పెంకులు. వైబ్రియోకి ఇంతకన్నా ఏం కావాలి? సరిగ్గా కడక్కుండా ట్యాంకులో పోస్తే మేతతో పాటు జబ్బునీ మన చేత్తోనే పోసినట్టు.

పీసీఆర్ మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏ జన్యువుని వెతకమంటే దాన్నే వెతుకుతుంది. మన రైతులు మామూలుగా చేయించేది తెల్లమచ్చకి, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవికి. ఆ కాగితం వైబ్రియో గురించి ఒక్క ముక్క చెప్పదు. చిన్న రొయ్యల్ని త్వరగా చంపే ఈఎంఎస్ జబ్బు తెచ్చే వైబ్రియో పారాహీమోలిటికస్‌కి వేరే పీసీఆర్ ఉంది, దాని విషపు జన్యువుల కోసం. అది విడిగా అడిగి చేయించుకోవాలి.

ఇక రంగులు. (మన వైపు పసుపునీ పచ్చే అంటారు కాబట్టి ఆకుపచ్చ అని విడమర్చి రాస్తున్నా.) వైబ్రియోని పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటులో పంచదార, రంగు మారే మందు కలిపి ఉంటాయి. పంచదార తినగలిగే బ్యాక్టీరియా ఆమ్లం వదిలి ప్లేటుని పసుపు చేస్తుంది. తినలేనిది ఆకుపచ్చగా ఉండిపోతుంది. ఆ రంగు చెప్పే సంగతి అంతే, పంచదార తింటుందా లేదా అని. మంచీ చెడూ అందులో లేవు. కలరా బ్యాక్టీరియా కూడా ఆ ప్లేటు మీద పసుపే! జోయా రెండో దశలో పిల్లలు మేత మానేసి, పేగు ఖాళీ అయి, రెండు రోజుల్లో ట్యాంకు అడుగున చేరే జబ్బు ఉంది కదా, దానిలో అనుమానితుడు వైబ్రియో ఆల్జినోలిటికస్. అదీ పసుపే. ఇంకో రకం, వైబ్రియో హార్వీయీ అయితే ఒకసారి పసుపు, ఒకసారి ఆకుపచ్చ. ఆకుపచ్చ ఎక్కువైతే జాగ్రత్తపడటం తప్పు కాదు. పసుపు చూసి నిద్రపోవడం తప్పు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది యాంటీబయోటిక్ మాట. అందులో సగం నిజం ఉందని ముందే ఒప్పుకుంటా. మిల్లీగ్రాముల పిల్ల ఇరవై గ్రాముల రొయ్య అయ్యేసరికి హ్యాచరీలో వేసిన మందు చాలావరకు పలచబడిపోతుంది. కానీ క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటివి హ్యాచరీలో వాడటం కూడా నిషేధమే. ఆ అవశేషాల గొడవతోనే 2016లో యూరప్ వాళ్లు మన రొయ్యల సరుకులో తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. చట్టం మాట అటుంచండి, మందు పని చేస్తుందా అసలు? ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ సముద్రపు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో అతుక్కుపోయి బలం చాలావరకు పోగొట్టుకుంటుంది. మిగిలిన కాస్త డోసు లొంగే బ్యాక్టీరియాని చంపి మొండిదాన్ని మిగులుస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. టైగర్ రొయ్యల కాలంలోనే, 1994లో, మందులకు లొంగని హార్వీయీ వల్ల లార్వాలు కుప్పలుగా చచ్చిన సంగతిని మంగళూరు పరిశోధకులు ప్రచురించారు.

వైబ్రియో వేగం కూడా తెలుసుకోవాలి. అనుకూలంగా ఉంటే 20 నిమిషాల్లో, ఇంకా ముందే కూడా, రెట్టింపవుతుంది. రాత్రి ఎనిమిదికి ఒకటి ఉంటే, తిండి తక్కువ కాకుంటే, పొద్దున ఆరుకి లెక్క ప్రకారం వంద కోట్లు దాటాలి. మందుతోనో బ్లీచింగ్‌తోనో అన్నిటినీ చంపేసి ట్యాంకు ఖాళీ చేస్తే, ఆ ఖాళీలో ముందు పెరిగేది ఎవరో చెప్పక్కర్లేదు. అందుకే బ్లీచింగ్ కొట్టాక నీళ్లని అలా వదలకుండా మంచి బ్యాక్టీరియాని, ఆల్గేని ముందే నిలబెట్టుకుంటారు. నాప్లీలను (గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లల్ని) లైటు పెట్టి పైకి రప్పించి, చురుగ్గా వచ్చినవే తీసుకుని, అడుగున మిగిలినవి పారేసి, అయోడిన్‌తో కడిగి దించుతారు. ఒక విడత పిల్లలకీ ఇంకో విడతకీ మధ్య ట్యాంకుల్ని, పైపుల్ని ఎండబెడతారు. వీటిలో ఏదీ ఆడియోలో లేదు. విసుగు పుట్టించే పనులు కదా, ఎవరు ఫార్వర్డ్ చేస్తారు?

చివరికి మిగిలింది ఆ వెలుగు. అల విరిగినప్పుడు సముద్రంలో మెరిసేవి వేరే సూక్ష్మజీవులు. కదిలిస్తే తళుక్కుమంటాయి, వదిలేస్తే ఆరిపోతాయి. హ్యాచరీ ట్యాంకులో వెలుగు అలా ఉండదు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు షెడ్డులో లైట్లన్నీ ఆపి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిలబడ్డాను. గాలి గొట్టం చుట్టూ చల్లటి నీలాకుపచ్చ మసక. బీకరు ముంచి తీస్తే ఈదుతున్న పిల్లలు కొన్ని, అడుగున చచ్చిపడ్డ పిల్లలు ఎన్నో, చచ్చినవే ఎక్కువ వెలుగుతున్నాయి. పొద్దుటికి ఆ ట్యాంకు పోయింది. హార్వీయీ ఒంటరిగా ఉంటే వెలగదు. ఒకదాని సంకేతం ఇంకోదానికి అందేంత గుంపు అయ్యాకే దీపం పెట్టుకుంటుంది. కంటికి కనపడిందంటే లెక్క ఎప్పుడో చేయి దాటింది.

సీడ్ కొనేటప్పుడు ఒక బీకరుడు పిల్లల్ని తెప్పించుకుని చీకటి గదిలో అయిదు నిమిషాలు చూడండి. వెలిగితే వెనక్కి రండి. వెలగలేదా, అప్పుడూ సంతకం పెట్టకండి, వెలగని హార్వీయీ కూడా ఉంటుంది. ప్లేటు అడగండి. ఏం రంగు చుక్కలని కాదు, ఎన్ని చుక్కలని.