పసుపు బాగుందా, లేతాకుపచ్చా?

మా ఆఫీసు విశాఖలో రుషికొండ ఐటీ హిల్ మీద ఉంది. కిటికీ తీస్తే సముద్రం. అక్కడ మూడు వారాలుగా ఆరుగురు పెద్దలు గది తలుపులు వేసుకుని ఒకటే చర్చ: రెండు ఫైళ్లలో తేడాలు చూసి కలపడానికి ఏ టూల్ వాడాలి? ఫైళ్ల తేడాలు చూపించే డిఫ్ అనే ప్రోగ్రామ్ 1974లోనే యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది. పాపం, మావాళ్లకు ఈ మధ్యే తెలిసింది.

ఒకరు విన్‌మెర్జ్ అన్నారు, ఉచితం కాబట్టి. ఇంకొకరు బియాండ్ కంపేర్ అన్నారు. 30 రోజుల ట్రయల్‌లో వాడిన రోజులే లెక్కట. మావాళ్లు వాడే వేగానికి రిటైర్‌మెంట్ దాకా వచ్చేస్తుంది. అసలు గొడవ రంగు దగ్గర మొదలైంది. మారిన లైను పసుపులో కనిపించాలా, లేతాకుపచ్చలోనా? పసుపు శుభమని ఒకాయన. కళ్లు మండుతాయని ఇంకొకాయన. గంటన్నర! జగదాంబ జంక్షన్‌లో చీరల కొట్టువాడు కూడా ఈపాటికి బేరం వదిలేసి షట్టర్ దించేవాడు. చివరికి టూల్స్ పోలుస్తూ ఎక్సెల్ షీటు వేశారు. ఆరుగురూ ఆరు కాపీలు దాచుకున్నారు. ఏది అసలుదో చెప్పమని, ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్‌ని అడిగితే, ఇవి బైనరీ ఫైళ్లు (లైన్లవారీగా చదవలేనివి), వేరువేరుగా ఉన్నాయని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. దానికున్న పాటి మర్యాద కూడా మాకు లేదు.

ఇంతకీ కమిటీ ఎందుకు పుట్టిందంటే, ఆర్నెల్ల కిందట చేరిన ఒకమ్మాయి రెండు రాత్రులు కూర్చుని బిల్లు లెక్క సరిచేసింది. అవే లైన్లు మా సీనియర్ గారూ మార్చడంతో, ఎవరిది ఉంచాలో తేల్చమని ఆయనకి కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. ఏడు బాణం గుర్తులు, కింద ఏడు ఈక్వల్ గుర్తులు. ఆయన చదవలేదు. 'నాది ఉంచు' నొక్కి టీకి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి సరిచేసింది కాస్తా ఎగిరిపోయింది. సోమవారం కస్టమర్ అరిస్తే తిట్లు ఆ పిల్లకి!

ఈ టూల్స్‌లో మధ్యన, ఇద్దరూ మార్చకముందున్న పాత ఫైలు చూపించే గడి ఉంటుంది కదండీ, ఎవరు ఏం మార్చారో తేలేది దాంతోనే. అలా మూడు ఫైళ్లు పోల్చే డిఫ్3 అనే ప్రోగ్రామ్ 1979 నుంచీ ఉంది. స్క్రీన్ ఇరుకైపోతోందని సీనియర్ గారు ఆ గడిని మూసేశారట. చదవడానికి రెండు నిమిషాలు పట్టేది. రెండే నిమిషాలు! చదవని మనిషికి ఏ టూల్ కొనిస్తే ఏం లాభం? తప్పు చేసినాయన ఒక్కసారి సారీ చెప్పి ఉంటే ఈ కమిటీ ఎందుకు?

ఆ అమ్మాయి గిట్‌లో పాత కమిట్ (అప్పట్లో భద్రపరిచిన మార్పు) తవ్వి తన లైన్లు తనే వెనక్కి తెచ్చుకుంది. కమిటీకి కన్వీనర్ సీనియర్ గారే. నిన్న ఓటింగ్ జరిగింది: పసుపుకి నాలుగు, లేతాకుపచ్చకి రెండు. టూల్ సంగతి వచ్చే వారం.