బైబిళ్లు పంపేముందు అవతలి గడప చూడాలి

తిరుపతి, చిత్తూరు వైపు చర్చి, విదేశీ డబ్బు అనే మాటలు కలిసి వినబడితే అందరికీ గుర్తొచ్చేది బయటి నుంచి ఇక్కడికొచ్చే డబ్బే. దాని మీద వాదనలు, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) లెక్కలు, కేసులు చాలానే చూశాం. ఇక్కడి నుంచి బయటికి పోయే కానుక గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆరాధన అయ్యాక చేతిలో పెట్టే కరపత్రమో, వాట్సాప్ గ్రూపులో తిరిగే వీడియోనో ఉంటుంది. చైనాలో, ఇరాన్‌లో, నేపాల్‌లో విశ్వాసులు ఇళ్లలో గుట్టుగా కూడుకుంటున్నారని, వాళ్ల దగ్గర బైబిళ్లు లేవని, ఒక్కో ప్రతికి ఇంత ఖర్చని, మీ కుటుంబం ఎన్ని ఇస్తుందని అడుగుతారు. రేణిగుంటలో టీ అంగడి నడిపే మనిషి కూడా పెద్దగా ఆలోచించకుండా జేబులో చెయ్యి పెడతాడు. ఆ మనసును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నా పేచీ అంతా లెక్క కట్టే తీరుతోనే. ఎన్ని పంపామో చెప్పుకుంటాం గానీ, ఆ పెట్టె అందుకున్న మనిషి ఏమయ్యాడో అడగం.

ముందు చైనా సంగతి చూద్దాం. కరపత్రాల్లో తరచుగా కనబడేది ఆ దేశమే, తప్పుగా అర్థమయ్యేదీ అదే. అక్కడ బైబిలు అచ్చు వేయడమే నేరమని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రపంచంలోని అతిపెద్ద బైబిలు ముద్రణాలయాల్లో ఒకటి చైనాలోని నాంజింగ్‌లోనే ఉంది. చైనా క్రైస్తవుల సేవా సంస్థ అమిటీ ఫౌండేషన్, ప్రపంచ బైబిల్ సొసైటీల సమాఖ్య యునైటెడ్ బైబిల్ సొసైటీస్ కలిసి నెలకొల్పిన ఆ ప్రెస్ 1988లో పని మొదలుపెట్టింది. 2019 నాటికి 20 కోట్ల ప్రతులు దాటింది. వాటిలో 8 కోట్లకు పైగా చైనా విశ్వాసుల చేతికే వెళ్లాయి, మిగతావి ఎగుమతి అయ్యాయి. అదే ఏడాది అమెరికా చైనా సరుకుల మీద సుంకాలు పెంచినప్పుడు బైబిళ్లను మినహాయించాల్సి వచ్చింది. అమెరికన్లు కొనే బైబిళ్లలో అంత భాగం చైనాలో అచ్చవుతున్నవే మరి.

అలాంటప్పుడు కొరత ఎక్కడిది? పుస్తకం అమ్మే దారిలో ఉంది. ప్రభుత్వం దగ్గర నమోదైన చర్చిల ద్వారానే బైబిలు అమ్మాలి. మామూలు పుస్తకాల షాపులో దొరకదు. ఆన్‌లైన్ అంగళ్లలో కొన్నాళ్లు దొరికింది గానీ, 2018 వసంతంలో వాటినీ తీసేయించారు. నమోదు కాని సంఘాలనే మనం గృహ సంఘాలంటున్నాం. వాటిలో అన్నీ నిజంగా ఇళ్లలోనే కూడవు, అద్దె ఆఫీసుల్లో వందల మందితో నడిచినవీ ఉన్నాయి. పట్నంలో ఉండే గృహ సంఘ సభ్యుడు నమోదైన చర్చి కౌంటర్‌కి వెళ్లి ఒక బైబిలు కొనుక్కోగలడు. దూరపు పల్లెలో ఉన్నవాడికి, ఆ గడప తొక్కడం ఇష్టం లేనివాడికి కష్టం. పిల్లలకు బోధించే పుస్తకాలు, వ్యాఖ్యానాలు, కాపరులకు (పాస్టర్లకు) కావలసిన రెఫరెన్సు గ్రంథాలు దొరకడం ఇంకా కష్టం. అంటే చైనాకు బైబిళ్లు అనే ఒక్క మాటలో రెండు మూడు వేర్వేరు అవసరాలున్నాయి. కరపత్రం వాటన్నిటినీ ఒకే పెట్టెలో కట్టేస్తుంది.

ఆ పెట్టెలు ఒకసారి ఎలా వెళ్లాయో చూడండి. 1981 జూన్ 18 రాత్రి, అణచివేతకు గురయ్యే క్రైస్తవులకు సాయం చేసే ఓపెన్ డోర్స్ సంస్థ దక్షిణ చైనాలో షాంటౌ దగ్గరి తీరానికి ఒక బార్జిని (సరుకు పడవను) పంపింది. అందులో నీళ్లు చొరకుండా చుట్టిన 10 లక్షల చైనా బైబిళ్లు. ముందే కబురందుకున్న విశ్వాసులు చీకట్లో సముద్రం ఒడ్డున ఎదురుచూశారు. మూటలు ఒడ్డుకు లాగారు, చేతికందినంత మోసుకుపోయారు. తర్వాత సైనికులు వచ్చారు. దొరికినవి కొన్ని తగలబెట్టారు, కొన్ని సముద్రంలో పారేశారు. విశ్వాసులు వాటిని నీళ్లలోంచి ఏరుకొచ్చి ఎండబెట్టి దాచుకున్నారని నిర్వాహకులు చెబుతారు. సాహసంగా చూస్తే అంతకంటే పెద్దది దొరకదు. ఆ కథ చెబితే కూటంలో కళ్లు చెమర్చని వాళ్లుండరు.

కానీ బార్జి తెల్లారకముందే వెనక్కి వెళ్లిపోయింది. తెల్లారాక ఊళ్లో మిగిలింది ఆ మోసినవాళ్లే. విచారణలు, అరెస్టులు వాళ్ల పాలబడ్డాయి. చైనా క్రైస్తవ నాయకులు కొందరు ఈ పని మీద గట్టిగానే మండిపడ్డారు. వాళ్లు ప్రభుత్వానికి దగ్గరివాళ్లు కాబట్టి అలాగే అంటారని కొట్టిపారేయొచ్చు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ రోజుల్లో బైబిళ్లు నిజంగానే కరువు, అడిగినవాళ్లూ ఉన్నారు, సరే. మరి ఏడేళ్లకే దేశంలోపలే పెద్ద ప్రెస్ తెరుచుకున్న తర్వాత కూడా అదే 1981 కథతోనే కానుకలు అడగడం ఏం న్యాయం?

ఇప్పటి ప్రమాదం వేరే రూపంలో ఉంది. చైనాలోని చెంగ్డూ నగరంలో ఎర్లీ రెయిన్ గృహ సంఘం మీద 2018 డిసెంబరులో పోలీసుల దాడి జరిగింది. ఏడాది తర్వాత ఆ సంఘం కాపరి వాంగ్ యీకి 9 ఏళ్ల శిక్ష పడింది. ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి ప్రభుత్వాన్ని కూలదోసేలా రెచ్చగొట్టడం, రెండోది చట్టవిరుద్ధ వ్యాపారం. అనుమతి లేకుండా పుస్తకాలు అచ్చువేసేవాళ్ల మీద, అమ్మేవాళ్ల మీద వాడేది ఈ రెండో సెక్షనే. ఒకరి ఇంట్లో నాలుగు ప్రతులుంటే అది భక్తి. గోడవారగా నలభై పెట్టెలుంటే పోలీసుల కంటికి అది గోడౌన్.

ఇలాంటి జాగ్రత్త తిరుపతివాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. తిరుమల కొండ మీద ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే వచ్చింది. ఆ చట్టం గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. ఇక్కడి కాపరులు మాత్రం కరపత్రాల సంచితో అలిపిరి దాటొద్దని కుర్రాళ్లకు గట్టిగానే చెబుతారు. పక్కింటివాళ్లతో రేపు కూడా కలిసి బతకాలి కదా. ఇంత ఇంగితం ఉన్న మనం ఖాట్మండు దగ్గరికొచ్చేసరికి ఎందుకు మరిచిపోతామో నాకు అంతుపట్టదు. నేపాల్‌లో బైబిలు దగ్గర పెట్టుకోవడం నేరం కాదు. కానీ 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించినా, మారమని ప్రోత్సహించినా 5 ఏళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. ఇక్కడి నుంచి గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సరిహద్దు దాటి, నడిబజారులో పుస్తకాలు పంచి, ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే బృందం వారంలో ఇంటికొచ్చేస్తుంది. ఆ ఫొటోలో పక్కన నిలబడ్డ నేపాలీ కాపరి అక్కడే ఉంటాడు. ఫిర్యాదు పడితే అతని మీదే పడుతుంది. మనవాళ్ల పోస్టే సాక్ష్యం.

పుచ్చుకున్న చేతులుగా మనకూ ఒక చరిత్ర ఉంది, దాన్నీ తలుచుకోవాలి. తెలుగులో అచ్చయిన తొలి సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ ప్రెస్ నుంచి వచ్చాయి. విశాఖపట్నంలో అగస్టస్ డి గ్రాంజెస్ చేసిన అనువాదం అది. పక్కన కూర్చుని పని చేసినవాడు ఆనందరాయర్. ఖర్చు బయటివాళ్లది, శ్రమలో సగం ఈ గడ్డ మనిషిది. మన జిల్లాకొస్తే, జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1865 నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి చుట్టుపక్కల పని చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ మిషనరీలను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. జర్మనీ నుంచి డబ్బు ఆగింది, పని అమెరికా లూథరన్ల చేతికి మారింది. దొరలు పోయాక కూడా ఆరాధన ఆగకుండా చూసుకున్నది ఇక్కడి ఉపదేశకులు, బడిపంతుళ్లు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి వేరు అక్కడుంది. దాత చెయ్యి ఏదో ఒక రోజు ఆగుతుందని మన తాతలు అనుభవం మీద తెలుసుకున్నారు. దానం చేసే వంతు వచ్చినప్పుడు మనకది గుర్తుండాలి.

ఇరాన్ సంగతి ఇంకో రకం. అక్కడి బైబిల్ సొసైటీని 1990లోనే మూయించారు. తరతరాలుగా క్రైస్తవులైన ఆర్మీనియన్లు, అస్సీరియన్లు తమ భాషల్లో ఆరాధించుకోవచ్చు. పారసీకం మాట్లాడే, ఇస్లాం నుంచి వచ్చిన విశ్వాసులకు మిగిలింది ఇళ్లే. అలాంటి చోటికి అట్ట బైబిలు పంపడం కంటే ఫోన్‌లోకి వచ్చే పారసీక పాఠం, శాటిలైట్ ప్రసారం ఎక్కువమందికి అందుతాయి, దాచడం సులువు. వాటికిచ్చే డబ్బు ఫొటోకు పనికిరాదు కాబట్టి కరపత్రంలో దానికి చోటుండదు.

మనకు బాగా తెలిసిన గృహ సంఘాలు నిజానికి గల్ఫ్‌లో ఉన్నాయి. చిత్తూరు, మదనపల్లె, రాయచోటి, కడప ప్రాంతాల నుంచి ఇంటి పనులకు, డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు వేలల్లో ఉంటారు. కువైట్‌లో అనుమతి ఉన్న చర్చిలున్నాయి. ఒకే ప్రాంగణంలో పదుల కొద్దీ భాషల, దేశాల సంఘాలు గంటల లెక్కన వంతులేసుకుని కూడతాయి. సెలవు శుక్రవారం కాబట్టి శుక్రవారమే వాళ్ల ఆదివారం. కానీ యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసే ఆడమనిషికి ఆ శుక్రవారమూ బయటికి పోయే వీలుండకపోవచ్చు. ఆమెకు సంఘమంటే వంటింట్లో చెవికి పెట్టుకున్న ఇయర్‌ఫోనే. చాలామందికి చదువూ అంతంతమాత్రం. జిప్పు కవరేసిన పెద్దక్షరాల బైబిలు ఎంత ముచ్చటగా ఉన్నా, పొద్దున నాలుగింటికి లేచి రాత్రి పన్నెండింటికి నడుం వాల్చే మనిషి దాన్నెప్పుడు తెరవాలి? ఆడియో బైబిలు ఉచితంగానే దొరుకుతుంది. డేటా రీచార్జి మాత్రం ఉచితం కాదు. సౌదీలో ముస్లిమేతరులకు చర్చి కట్టడమే లేదు. సొంతానికి ఒక ప్రతి ఉంటే మామూలుగా పట్టించుకోరు, సూట్‌కేసు నిండా తీసుకెళ్తే మాత్రం చిక్కే.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. మనిషి తన పేరు మీద విదేశాలకు విరాళం పంపాలంటే రిజర్వు బ్యాంకు అనుమతించిన పథకం కింద బ్యాంకు ద్వారా పంపవచ్చు. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది, మనలాంటివాళ్లకు అది అడ్డే కాదు. ఆ విరాళానికి దాతకు ఆదాయపు పన్నులో దొరికే 80జీ మినహాయింపు మాత్రం రాదు. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేకపోతే, ఆ మేరకు మినహాయింపు పోతుంది. కాబట్టి తిరుపతిలో ఉన్న ట్రస్టు విదేశాల్లో బైబిళ్ల కోసమని 80జీ రసీదు చేతిలో పెడుతుంటే, డబ్బు ఎక్కడ ఖర్చవుతోందని అడగడం అవిశ్వాసం కాదు. విశ్వాసుల క్షేమం కోసం వివరాలు చెప్పలేమంటారు కొందరు. మనుషుల పేర్లు, ఊళ్లు దాచాల్సిందే. మొత్తం ఎంత వచ్చింది, అచ్చుకెంత, రవాణాకెంత, ఇక్కడి ఆఫీసుకెంత అన్నది దాచితే ఎవరి ప్రాణం నిలుస్తుంది?

సంఘ కమిటీలో ఈ విషయం చర్చకొస్తే నేను చెప్పేది ఇది. చైనా కోసం ఇవ్వాలనుంటే బైబిల్ సొసైటీల ద్వారా అక్కడి ముద్రణకు కావలసిన కాగితానికి ఇవ్వండి. బైబిలు చవగ్గా పల్లెలకు చేరుతున్నది అలా కాగితానికి ఇచ్చిన డబ్బు వల్లే. నమోదైన సంఘాలంటే గిట్టనివాళ్లకు ఈ సలహా రుచించదు, తెలుసు. నేపాల్ కోసమైతే మనవాళ్లు వెళ్లకుండా, అక్కడే కొనుక్కునేలా అక్కడి సంఘానికి ఇవ్వండి. ఎన్ని కావాలో, ఎప్పుడు కావాలో, అసలు పుస్తకాలే కావాలో, జైల్లో ఉన్న కాపరి ఇంటి అద్దె కావాలో వాళ్లనే చెప్పనివ్వండి. గల్ఫ్ విషయంలో అంత దూరం కూడా పోనక్కర్లేదు. ప్రతి సంఘంలోనూ కువైట్‌లో కూతురో కోడలో ఉన్న అమ్మ ఒకామె ఉంటుంది. కమిటీవాళ్లు ముందు ఆమె దగ్గర నంబరు తీసుకుని, వీలున్న వేళ కనుక్కుని ఫోన్ చేసి, ఏం పంపమంటావమ్మా అని అడగాలి. బైబిళ్లకు ఆర్డరు ఆ తర్వాతే పెట్టుకోవచ్చు.